స్టేజీ వెనక గోడ

గోడకి మొదటి చెక్క రీపరు బిగించే ముందు వడ్రంగి దాన్ని అరచేత్తో తడిమి చూశాడు. సున్నం ఎప్పుడో వెలిసిపోయింది. మనిషి భుజం ఎత్తున మాత్రం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక పట్టీలాగా నున్నబడి, జిడ్డుదేరి, తేనెరంగులో మెరుస్తోంది. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ తమ వంతు వచ్చేదాకా ఇరవై ఆరేళ్ళుగా వీపు ఆనించి నిలబడ్డ చోటు అది.

“ఏం తమ్ముడూ, గోడకి జ్వరం చూస్తున్నావా?” అంది పెద్దక్క, టీ ఫ్లాస్కు స్టేజీ అంచు మీద పెడుతూ.

“చూడాలిగా అక్కా. దుప్పటి కప్పబోతున్నాం.”

పెద్దక్క నవ్వలేదు. వారం రోజులుగా ఆవిడ మొహంలో నవ్వు లేదు. మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన నోటీసును నాలుగు మడతలు పెట్టి కళ్ళజోడు పెట్టెలో దాచుకుంది. పెట్టె తెరిచినప్పుడల్లా ముందు అదే చేతికొస్తుంది. పక్క భవనంలో ఉండేవారి ఫిర్యాదు మేరకు తనిఖీ చేశామనీ, శుక్రవారం లోపల చప్పుడు తగ్గించే ఏర్పాటు చేయకపోతే తాళం వేస్తామనీ అందులో రాసి ఉంది. ఇవాళ మంగళవారం.

ఆ హాలుకి పేరంటూ ఏమీ లేదు. ఒకప్పుడు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు కాబట్టి అందరూ షెడ్డు అనే అంటారు. తొంభై కుర్చీలుంటాయి, ఏ రెండూ జత కావు. ఎవరింట్లో కాలు ఊగిన కుర్చీ ఉన్నా అది ముందు వడ్రంగి దగ్గరికి, అక్కడినుంచి షెడ్డుకి చేరుతుంది. శని, ఆదివారాలు సాయంత్రం ఆరున్నరకి పాట మొదలై ఎనిమిదిన్నరకి ముగుస్తుంది. బస్సు డ్రైవరు క్లారినెట్ వాయిస్తాడు. సెలూనతను డ్రమ్ములు వాయిస్తాడు. పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడ పాడుతుంది. వినేవాళ్ళు కూడా ఆ నాలుగు వీధులవాళ్ళే. పెద్దక్క గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ చూసి, రానివాళ్ళెవరో లెక్క వేసుకుని, మర్నాడు వాళ్ళ ఇంటికెళ్ళి ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది.

అటువంటి చోట ఫిర్యాదు చేసింది ఎవరో తెలుసుకోవడానికి ఎవరికీ గంట పట్టలేదు. పక్క భవనం కింది వాటాలోకి ఆర్నెల్ల కిందట ఒక నర్సు వచ్చింది. నలభై నాలుగు, నలభై అయిదేళ్ళుంటాయి. ఎవరితోనూ మాట కలపదు. చీకటితో లేచి ఆసుపత్రికి పోతుంది, మధ్యాహ్నం వస్తుంది, తలుపేసుకుంటుంది. ఆవిడే.

వడ్రంగి పొడుగు చేతుల చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టుకున్నాడు. గాజు ఉన్ని ఒంటికి తగిలితే రెండు రోజులు దురద వదలదు. అడుగున్నరకొక రీపరు, రీపరు కింద రబ్బరు పట్టీ, రీపర్ల మధ్య చప్పుడు పీల్చుకునే గాజు ఉన్ని, దాని మీద రెండు పొరల ప్లైవుడ్. చెక్క నేరుగా గోడకి తగిలితే చప్పుడు చెక్కలోంచి నడిచి అవతలికి పోతుంది. అందుకని రబ్బరు. ఇదంతా ఎక్కడో చదివి నేర్చుకున్నది కాదు. ఒకసారి రంపపు మిల్లు పక్కన ఇల్లున్న ఒకాయనకి చేసిపెట్టాడు. సెలూనతను నిచ్చెన పట్టుకున్నాడు. ఇవాళ అతనికి సెలవు.

మధ్యాహ్నం ఇద్దరూ వీధి మలుపులో రొట్టెల కొట్టుకి వెళ్ళారు. వాళ్ళ ముందు నర్సు నిలబడి ఉంది. తెల్ల దుస్తుల మీద బూడిదరంగు స్వెట్టరు, చేతిలో గుడ్డసంచి. సంచి అప్పటికే తెరిచి పట్టుకుంది.

“అయిపోయాయి,” అన్నాడు కొట్టతను.

ఆమె అతని భుజం మీదుగా వెనకున్న చెక్క అరలోకి చూసింది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలు మూడు వరసలు. వాటి పొగలకి వెనకున్న అద్దం మసకబారింది.

“మరి అవి?”

“అవి ఆర్డరువి.”

ఆమె సంచిని సగానికి మడిచింది, మళ్ళీ సగానికి మడిచింది, చంకలో పెట్టుకుని వీళ్ళిద్దరి మధ్యలోంచి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు వడ్రంగి కాస్త పక్కకి జరిగాడు.

“రెండు చాలా అన్నా?” అన్నాడు కొట్టతను, అదే అరలోంచి రొట్టెలు తీస్తూ. “ఆర్డరు మీదేలే.”

సెలూనతను పగలబడి నవ్వాడు. వడ్రంగి కూడా నవ్వాడు. వేడి రొట్టె చేతిలోకి తీసుకుని, ఆ నవ్వు పూర్తి కాకముందే ఎందుకో మొహం తిప్పుకున్నాడు. కాని నవ్వడం మాత్రం నవ్వాడు.

*

గురువారం సాయంత్రానికి ఉన్ని కూరడం అయింది. తేనెరంగు పట్టీ ముందు పసుపుపచ్చటి ఉన్ని కిందికీ, తరవాత ప్లైవుడ్ కిందికీ వెళ్ళిపోయింది. శుక్రవారం ఉదయం రెండో పొర. మొదటి పొర అతుకుల మీద రెండో పొర అతుకులు పడకుండా పలకలు కోశాడు. మూలల్లో వేలు దూరే సందుల్ని కూడా జిగురు పట్టించి మూసేశాడు. ఆఖరి స్క్రూ బిగించాక పలక మీద వేళ్ళ కణుపులతో కొట్టి చూశాడు. చప్పుడు అక్కడే పుట్టి అక్కడే చచ్చిపోయింది.

మునిసిపాలిటీ ఉద్యోగి మూడింటికి వచ్చాడు. అరచేతిలో పట్టే మీటరు పట్టుకుని పక్క భవనం మెట్ల మీద నిలబడి, వాయించమన్నాడు. సెలూనతను డ్రమ్ముల మీద తన పగంతా తీర్చుకున్నాడు. అయిదు నిమిషాల తరవాత ఉద్యోగి తిరిగొచ్చి, “మొదలుపెట్టలేదేం?” అని అడిగాడు.

పెద్దక్క ఆ కుర్చీల మధ్య నిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో వడ్రంగికి తెలియలేదు.

శనివారం సాయంత్రం షెడ్డు నిండిపోయింది. నోటీసు సంగతి తెలిసిన ప్రతివాళ్ళూ వచ్చారు. డ్రైవరు యూనిఫారం మార్చుకోకుండానే క్లారినెట్ పట్టుకున్నాడు. పెద్దక్క మైకు ముందుకొచ్చి వడ్రంగిని లేచి నిలబడమంది. జనం చప్పట్లు కొట్టారు. అతను లేచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, కూర్చున్నాడు. పాట మాత్రం మునుపట్లా లేదు. గది నోరు ఎవరో మూసినట్టుంది. వాద్యం ఆగాక ఇదివరకు గోడల్లో కాసేపు మోగేది, ఇప్పుడు కత్తిరించినట్టు ఆగిపోతోంది. ఇంకెవరూ గమనించినట్టు లేదు. అలవాటవుతుందిలే అనుకున్నాడు.

*

మంగళవారం మధ్యాహ్నం వడ్రంగి తన కొట్లో ఒక సొరుగు చెక్కకి చిత్రిక పడుతున్నాడు. గుమ్మంలో వెలుగు తగ్గింది. తలెత్తితే నర్సు.

“గోడ పని చేసింది మీరేనా?” అంది.

“నేనే.” చిత్రిక ఆపలేదు. పలచటి చెక్కపొర చుట్టుకుంటూ ఆమె కాళ్ళ దగ్గర పడింది.

“ఒక్కసారి మా ఇంటికి రాగలరా?”

“ఇంకా వినిపిస్తోందా?”

“లేదు. ఏమీ వినిపించట్లేదు.” గుమ్మం చెక్కని గట్టిగా పట్టుకుంది. “మా అమ్మ శనివారం నుంచి సరిగ్గా తినట్లేదండీ. ఎవరు పోయారే, ఎవరు పోయారే అని అడుగుతోంది. ఎవరూ పోలేదంటే నమ్మట్లేదు. మీరెవరైనా వచ్చి చెబితే...”

వడ్రంగి చిత్రికని పక్కకి వాల్చి పెట్టాడు. “మీ అమ్మా? అక్కడ అమ్మ కూడా ఉన్నారా?”

“ఆ ఇల్లు అమ్మదే. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంది. బట్టలు కుట్టేది.”

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. మెట్ల పక్కన కత్తెర బొమ్మ గీసిన రేకు ఒకటి ఉండేది. అది తీసేసి రెండేళ్ళయి ఉంటుంది. కుట్టుపనావిడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని ఎవరో అన్నారు, అందరూ సరే అనుకున్నారు. వెళ్ళలేదన్నమాట. కుట్టడం మానేసి, పోనుపోను మంచాన పడింది. కూతురే ఇక్కడికి వచ్చింది.

“కూర్చోండి,” అన్నాడు, స్టూలు మీది రంపప్పొట్టు చేత్తో తుడిచి.

ఆమె కూర్చోలేదు. చెప్పాల్సింది నిలబడే చెప్పింది. ఆసుపత్రిలో మొదటి షిఫ్టు ఆమెది, తెల్లవారుజామున బయల్దేరాలి. అమ్మకి స్నానం చేయించి, పక్క మార్చి, మందులిచ్చి వెళ్ళాలంటే మూడింటికి లేవాలి. రాత్రి ఏడింటికి నిద్రపోతే తప్ప కుదరదు. శని, ఆదివారాలు కూడా షిఫ్టు తప్పదు. ఒక సోమవారం నిద్రమత్తులో ఒకరి మందు ఇంకొకరికి వేయబోయింది. ఆ రోగే చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ముందు మిమ్మల్నే అడిగానండీ. గుమ్మం దాకా మూడుసార్లు వచ్చాను. రెండుసార్లు జనాన్ని చూసి వెనక్కి పోయాను. మూడోసారి డ్రమ్ములు వాయించే ఆయన బయట సిగరెట్టు కాలుస్తున్నాడు. కాస్త తగ్గిస్తారా అంటే, చెవుల్లో దూది పెట్టుకోండమ్మా అన్నాడు.” ఆమె గొంతులో కోపం లేదు, లెక్క చెబుతున్నట్టుంది. “అమ్మకి కూడా బాధేననుకున్నాను. పాట మొదలవగానే కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగి పడుకునేది. నొప్పి ఓర్చుకుంటోందనుకున్నాను. నేను అడగలేదు, అదే నా తప్పు. నా పేషెంట్లని రోజుకి వందసార్లు అడుగుతాను, ఎక్కడ నొప్పి అని.”

“ఫిర్యాదు సంగతి ఆవిడకి తెలుసా?”

తెలియదన్నట్టు తల ఊపింది.

వడ్రంగి చెక్కపొరల్ని కాలితో ఒక పక్కకి నెట్టాడు. మొన్న ఆమె మడిచిన గుడ్డసంచి కళ్ళముందు కదిలింది. “రేపు వస్తాను,” అన్నాడు.

*

గది చిన్నది. మంచం గోడకి ఆనించి ఉంది. కాళ్ళవైపు బట్ట కప్పిన కుట్టుమిషను, దాని మీద మందుసీసాలు వరసగా, మూతలన్నీ ఒకే వైపుకి. కుట్టుపనావిడ బాగా చిక్కిపోయింది, కాని జుట్టు నున్నగా దువ్వి ఉంది. దిండు మీద తల తిప్పి అతన్ని కాసేపు చూసింది.

“వడ్రంగి కదూ. నువ్వున్నావన్నమాట,” అంది. “ఇంతకీ పోయింది ఎవరు నాయనా? పెద్దక్కా?”

“ఎవరూ పోలేదమ్మా. పెద్దక్క గుండ్రాయిలా ఉంది.”

“మరి శనివారం పాటేది? ఆదివారమూ లేదు. రెండు రోజులూ ఆపారంటే ఎవరో పోయినట్టే. మీ ఆవిడ పోయినప్పుడూ అంతేగా.”

వడ్రంగి స్టూలు మీద కూర్చున్నాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఆ వారం షెడ్డు మూసి ఉంచారని అతనికే గుర్తులేదు.

“పాట ఉందమ్మా. గోడ చెమ్మెక్కిందని పలకలు వేశాం. అందుకని మీకు వినపడలేదు.”

“చెమ్మా?” అంది ముసలావిడ. గుమ్మంలో నిలబడ్డ కూతురి మొహంలోకి చూసింది. కూతురు గ్లాసు తేవడానికి లోపలికి వెళ్ళింది. “సరే, చెమ్మే అయుంటుంది.”

ఆవిడ చెయ్యి చాపి తలపక్కన గోడని తాకింది, నిద్రపోతున్న పిల్ల వీపు మీద వేసినంత తేలిగ్గా.

“ఒక్కసారైనా రాలేదేమమ్మా షెడ్డుకి? పక్కనే ఉండి?”

“మొదట్లో ఆయన పంపలేదు. తరవాత మోకాళ్ళు పంపలేదు. అయినా రావడానికి ఏముంది. అందరూ వచ్చి నా దగ్గరే నిలబడేవాళ్ళుగా.” ఆవిడ కళ్ళలో చిన్న మెరుపు. “మీరు ముందువైపు కూర్చుని పాట వింటారు. నేను వెనకవైపు. పాటకి ముందు మనుషులు ఏమనుకుంటారో నాకు తెలుసు. ఆ బస్సాయన ఉన్నాడే, ఆయన ప్రతిసారీ ముక్కు చీది, ఒక్క పాటే వాయిస్తా, నడుం నొప్పి అంటాడు. అయిదు వాయిస్తాడు.”

వడ్రంగికి నవ్వొచ్చింది. ఆ మాట నిజం.

“మీ ఆవిడకి భయం ఎక్కువ, పాపం.”

“దానికా? భయమా?” అన్నాడు. “స్టేజీ అంటే నీళ్ళు తాగినట్టమ్మా దానికి. వెళ్ళేది, పాడేది, వచ్చేది. నేనే అక్కడ కూర్చుని వణికేవాణ్ణి.”

“మిషను ఆపేసి వినేదాన్ని కదూ, నాకు తెలియదా. గోడకి వీపు ఆనించి, అమ్మో నావల్ల కాదు, నేను ఇంటికి పోతా, నేను ఇంటికి పోతా అనుకునేది. ప్రతిసారీ. మెల్లిగా, తనలో తను. పేరు పిలిచేవాళ్ళు. ఒక్క క్షణం ఏమీ వినపడేది కాదు. వెళ్ళిపోయిందేమోననుకునేదాన్ని. అప్పుడు పాట మొదలయ్యేది.” కాస్త ఊపిరి తీసుకుంది. “బాగా పాడేది. కాని నాకు ఆ ముందరి మాటే ఎక్కువ ఇష్టం. నాక్కూడా పొద్దున లేవగానే అదే అనిపించేది, కుట్టవలసిన బట్టల గుట్ట చూసి.”

వడ్రంగి తన చేతులవైపు చూసుకున్నాడు. గోరు పక్కన గాజు ఉన్ని గుచ్చుకున్న ఎర్రటి చుక్కలు ఇంకా మానలేదు. ఇరవై రెండేళ్ళు కాపురం చేశాడు ఆ మనిషితో. ఇంటికొచ్చే దారిలో, ఎలా ఉంది పాట అని అడిగేది. బాగుంది అనేవాడు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు.

నర్సు గ్లాసు తెచ్చి ఇచ్చింది. అతను తాగకుండా చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. లేచి వెళ్ళేముందు మంచం తలవైపు గోడని వేళ్ళతో తట్టి చూశాడు. మోచెయ్యి ఎత్తున ఒకచోట చప్పుడు మారింది. లోపల బోలు. పాత వెంటిలేటరేదో ఇటుకలు పేర్చి మూసినట్టున్నారు, ఒకే వరస. జేబులోంచి పెన్సిలు తీసి అక్కడ చిన్న గీత గీశాడు.

*

“కుదరదు బాబాయ్,” అన్నాడు సెలూనతను. “మూడు రోజులు చెమటోడ్చి కట్టింది, ఇప్పుడు మనమే కన్నం పెట్టాలా? మనకి తాళం వేయించబోయిన మనిషి కోసం?”

గురువారం సాయంత్రం షెడ్డులో ముందు వరస కుర్చీల్ని గుండ్రంగా జరుపుకుని కూర్చున్నారు. పెద్దక్క, డ్రైవరు, సెలూనతను, రొట్టెల కొట్టతను. వడ్రంగి నిలబడే ఉన్నాడు. కూర్చుంటే తను మాట్లాడలేనని అతనికి తెలుసు.

“ఆ మనిషి ఏడింటికి పడుకోవాలి,” అన్నాడు. “ఆ తల్లికి పాట కావాలి. రెండూ కుదురుతాయి. శనివారం మామూలుగా ఆరున్నరకే పెట్టుకుందాం, కన్నానికి తలుపు మూసేస్తే చీమ నడిచినా అవతలికి వినపడదు, పూచీ నాది. ఆదివారం మాత్రం నాలుగింటికి మొదలుపెడదాం. ఆరింటికి అయిపోతుంది. అప్పుడు తలుపు తీసి ఉంచుదాం.”

“ఆదివారం నాకు అయిదు దాకా డ్యూటీ,” అన్నాడు డ్రైవరు.

“ఆవిడ ముందే వచ్చి మనతో ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా లేకపోను,” అంది పెద్దక్క. “కాగితం పెట్టే ముందు మనిషిని అడగాలిగా.”

“అడిగిందక్కా.”

“ఎవర్ని?”

వడ్రంగి సెలూనతనివైపు చూడలేదు. చూపు నేల మీదే ఉంచాడు. ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

“సరదాకన్నాను,” అన్నాడు సెలూనతను చివరికి. “దూది పెట్టుకోండమ్మా అన్నాను. ఏదో మాటవరసకి. ఆవిడెవరో కూడా నాకు తెలియదప్పుడు.”

పెద్దక్క కళ్ళజోడు తీసింది. “నాకు చెప్పలేదేంరా?”

“చెప్పేంత సంగతి అనుకోలేదు.”

“ఇందులో నేనూ ఉన్నాను,” అన్నాడు వడ్రంగి. “మొన్న కొట్లో రొట్టెలు పెట్టుకుని లేవన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా. ఆ రొట్టె ఇంట్లో మంచాన ఉన్న ముసలావిడకి. మనకి తెలియదు నిజమే. తెలియకపోతే మాత్రం నవ్వాలా?”

రొట్టెల కొట్టతను తల దించుకుని చొక్కా అంచుకి అంటిన పిండి గోటితో గీకాడు. “రేపట్నించి నేనే తీసుకెళ్ళి...”

“తీసుకెళ్ళొద్దు. వచ్చినప్పుడు ఇవ్వు, చాలు.”

పెద్దక్క చాలాసేపు ఆ కొత్త ప్లైవుడ్ గోడనే చూస్తూ కూర్చుంది. ఇరవై ఆరేళ్ళుగా రానివాళ్ళ లెక్క వేసిన మనిషి. కుట్టుపనావిడ మాత్రం ఆ లెక్కలోకి ఎన్నడూ రాలేదు. “ముప్పై ఏళ్ళా?” అంది మెల్లిగా. “నా జాకెట్లన్నీ ఆవిడే కుట్టింది. రేకు పోయిందంటే మనిషే పోయిందనుకున్నాను.” డ్రైవరువైపు తిరిగింది. “డ్యూటీ సంగతేమిటి?”

“మార్పించుకుంటా,” అన్నాడు డ్రైవరు. “నా తరవాతి బండివాడు నాకు ఒక ఆదివారం బాకీ. అది ఒక్కటే గాని... ప్రతివారం అంటే వాడి కాళ్ళు పట్టుకోవాలి.” ముక్కు చీదుకున్నాడు. “పట్టుకుంటాలే.”

*

శుక్రవారం పొద్దున్నే వడ్రంగి పలక మీద గీతలు గీశాడు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. తన చేత్తో బిగించిన స్క్రూలు తనే విప్పుతుంటే మనసుకేదో తేలిగ్గా అనిపించింది. రంపం పెట్టి నాలుగు వైపులా కోసి, ఉన్ని ముద్ద బయటికి లాగాడు. లోపల పాత గోడ కనిపించింది. తేనెరంగు పట్టీ ఆ చదరంలోంచి అడ్డంగా పోతోంది. దాన్ని కాస్త చూసి, ఉలి సందులో పెట్టి సుత్తితో మెల్లిగా కొట్టాడు. ఒక్కొక్క ఇటుకా పళ్ళూడినట్టు ఊడొచ్చింది.

ఆఖరి రెండు ఇటుకలు అవతలి గదిలోంచి తీయాలి. నర్సు మధ్యాహ్నం వచ్చేదాకా ఆగాడు. ఆమె తల్లి మీద దుప్పటి కప్పి, పైన పాత చీర పరిచి, దుమ్ము పడకుండా చివరలు తనే ఎత్తి పట్టుకుంది. ఇటుక ఊడిరాగానే గదిలోకి షెడ్డు గాలి వచ్చింది, పాత చెక్క వాసనతో.

“నన్ను లేపండి, చూస్తాను,” అంది ముసలావిడ.

ఇద్దరూ చెరో వైపు పట్టుకుని కూర్చోబెట్టారు. ఆవిడ కన్నంలోంచి చూసింది. చుట్టిపెట్టిన కరెంటు తీగ, ఒక కుర్చీ కాలు, డ్రమ్ము వెనక భాగం.

“ఇంతేనా?” అంది. “ఇంకా చాలా పెద్దదనుకున్నాను.” మళ్ళీ పడుకోబెట్టాక కూడా కళ్ళు తెరుచుకునే ఉంది.

చుట్టూ టేకు చట్రం, దానికి రబ్బరు పట్టీ, రెండు పొరల పలకతో తలుపు, రెండు మడతబందులు, ఒక గడియ. శనివారం మధ్యాహ్నానికి పని అయింది. అతను ఇవతల షెడ్డులో నిలబడ్డాడు, నర్సు అవతల గడియ వేసి నిలబడింది. అతను సుత్తితో డ్రమ్ము పక్క ఇనప గొట్టం మీద కొట్టాడు. తరవాత పక్క భవనం నాలుగు మెట్లూ ఎక్కి వెళ్ళి అడిగాడు.

“ఏమీ లేదు,” అంది. కాస్త ఆగి, “మీరు కొట్టారా?” అంది.

“కొట్టాను.”

ఆమె మొహం మొదటిసారి విచ్చుకుంది. “మొన్న కొట్లో మీరు పక్కకి జరిగారు, నాకు దారివ్వడానికి,” అంది.

“దారి ఇవ్వడానికి కాదమ్మా,” అన్నాడు వడ్రంగి. “మీరు తగలకూడదని.”

ఆమె తల ఊపింది. తెలుసన్నట్టు.

*

ఆదివారం నాలుగింటికి జనం కొంచెం పలచగా ఉన్నారు, వేళ మారిన సంగతి కొందరికి తెలియక. వడ్రంగి షెడ్డులోకి వెళ్ళలేదు. కుట్టుపనావిడ గదిలో స్టూలు మీద కూర్చున్నాడు. నర్సు షిఫ్టు నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, మంచం పక్కన నేల మీద కూర్చుంది, తల గోడకి ఆనించి. కన్నం తలుపు తెరిచి ఉంది. అవతల కుర్చీలు జరుగుతున్నాయి, ఎవరో దగ్గుతున్నారు.

కన్నానికి అవతల ఎవరో ముక్కు చీదారు. “ఒక్క పాటే వాయిస్తా,” అన్న మాట స్పష్టంగా వినిపించింది. “నడుం నొప్పి.”

ముసలావిడ వడ్రంగివైపు చూసింది. చెప్పానా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

క్లారినెట్ మొదలైంది. ఇంత దగ్గరగా, ఇలా వెనకనుంచి అతను ఎన్నడూ వినలేదు. ఊదేముందు మనిషి తీసుకునే ఊపిరి, మీటల మీద వేళ్ళ టకటక, బూటు మడమ లెక్క వేస్తున్న చప్పుడు. పాటకంటే ముందు మనిషి వినిపిస్తున్నాడు. భార్య పాడిన రోజుల్లో ఈ గదిలో ఒక్కసారి కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాడు. ముసలావిడ కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగింది.

రెండో పాట అయింది. మూడోది సగంలో ఉండగా ఆవిడ దుప్పటి మీద వేళ్ళతో తాళం వేస్తూ వేస్తూ ఆపేసి, చిరాగ్గా నాలుక చప్పరించింది. పాట ముగిసింది. కన్నంలో పెద్దక్క మొహం కనిపించింది, సగమే.

“వినిపిస్తోందా అమ్మా?” అంది పెద్దక్క.

“వినిపిస్తోంది,” అంది కుట్టుపనావిడ. “ఆ డ్రమ్ములాయనకి ఒక మాట చెబుతావా?”

“చెప్పండి.”

“మూడో పాటకొచ్చేసరికి తరుముతాడు. మొదలుపెట్టినప్పటినుంచీ అంతే. ఎక్కడికి నాయనా అంత తొందర? ఎన్నేళ్ళనుంచో చెబుదామనుకుంటున్నా, చెప్పే దారి లేక ఊరుకున్నాను.”

కన్నంలోంచి పెద్దక్క మొహం మాయమైంది. మైకు గరగరలాడింది. “గోడ అవతలి నుంచి ఒక మాట వచ్చింది,” అని, పెద్దక్క ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పేసింది. షెడ్డంతా నవ్వింది. నవ్వు ఆగాక సెలూనతని గొంతు వినిపించింది, మైకులో కాదు, కన్నానికి దగ్గరగా వంగి. “సరేనమ్మా. మెల్లిగా వాయిస్తాను.” కాస్త ఆగి, ఇంకా చిన్నగా, “కూతురికి కూడా చెప్పండి. అప్పుడు అన్న మాట... తప్పయింది.”

వడ్రంగి నర్సువైపు తిరిగాడు. ఆమె ఆ మాట వినలేదు. నోరు కాస్త తెరుచుకుని, ఒక చెయ్యి ఒళ్ళో, ఒక చెయ్యి నేల మీద వదిలేసి, నిద్రపోతోంది.

నాలుగో పాట మొదలైంది. డ్రమ్ము ఒక్కొక్క దెబ్బా నిదానంగా పడుతోంది. వడ్రంగి చప్పుడు చేయకుండా లేచి, కన్నం తలుపు దగ్గరగా వేద్దామని చెయ్యి చాపాడు.

ముసలావిడ అతని మణికట్టు పట్టుకుంది.

“ఉండనీ నాయనా. చిన్నప్పుడు ఇది నా మిషను కిందే నిద్రపోయేది. ఆపితే లేచేది.”